దుబాసీ

తెల్లవారుజాము మూడూ నలభై.
ఫ్రేజర్‌బర్గ్ చేపల మార్కెట్.
మంచు పెట్టెల్లో హాడక్ చేపలు కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.
ఏడింటికి వేలం.
లేబుల్ ప్రింటర్ మాత్రం నోరు విప్పదు.

నిన్ననే తూకం బల్ల పక్కన కొత్త కంప్యూటర్ పెట్టారు.
పాతది పన్నెండేళ్ళు పనిచేసి ఉప్పుగాలికి పోయింది.
కొత్తది నిగనిగలాడుతూ ఒకటే మాట అంటోంది:
డేటా సోర్స్ పేరు కనబడలేదు,
డిఫాల్ట్ డ్రైవరూ ఎవరో చెప్పలేదు.

సర్వర్ బతికే ఉంది. పింగ్ చేశాను.
నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ పలికింది.
పలుకుతుంది, తలుపు తియ్యదు.
పోర్టు చూశాను. ఫైర్‌వాల్‌ని బతిమాలాను.
గ్లవుజుల వేళ్ళు కత్తిరించుకుని
పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాను.
ఆబర్డీన్‌లో మేనేజరు ఫోనెత్తలేదు.
ఎత్తినా, రీస్టార్ట్ చేశావా అంటాడు.
చేశాను. మూడుసార్లు.

డ్రైవర్ అంటే ఇక్కడ బండి తోలేవాడు కాదు.
వెనకటికి కంపెనీ దొర పక్కన నిలబడి
మన మాట అతనికీ, అతని మాట మనకీ చేరవేసి
మధ్యలో కాస్త నొక్కేసిన దుబాసీ.
వీడు నొక్కెయ్యడు పాపం.
అసలు కొలువుకే రాలేదు.

ఈలోగా ఆల్బర్ట్ బకన్
ఎప్పటికవుతుందని నన్ను ఒక్కసారీ అడగలేదు.
చెవి మీది పెన్సిల్ తీసి
తడిసిన అట్టముక్కల మీద
ఒక్కో పెట్టె బరువూ రాసుకుంటూ పోతున్నాడు.
నన్ను క్వైన్ అంటాడు.
రాణి అనుకుని మొదటి నెలంతా మురిసిపోయాను.
ఇక్కడి యాసలో పిల్లా అని, అంతే.

ఆరు కావస్తుండగా దొరికింది.
లేబుల్ ప్రోగ్రాము ముప్ఫై రెండు బిట్ల కాలం నాటిది.
రాసినవాడు రిటైరై పడవ కొనుక్కున్నాడట.
నేను పిలిపించిన దుబాసీ అరవై నాలుగు బిట్లవాడు.
ఒకే గదిలో ఉన్నారు ఇద్దరూ,
ఒకరికొకరు కనబడరు.
పైగా, సిస్టమ్ ముప్ఫై రెండు అని బోర్డు కట్టిన ఫోల్డరులో
కాపురం ఉండేది అరవై నాలుగు వాళ్ళు.
ముప్ఫై రెండు వాళ్ళు ఇంకేదో పేరు కింద తలదాచుకున్నారు.
ఇంటిపేరు కస్తూరివారు.
మిగతాది మీకు తెలుసు.
ఆ సామెత గుర్తు రావడానికి నాకు రెండు గంటలు పట్టింది.

పాత దుబాసీని వెతికి తెచ్చి కూర్చోబెట్టాను.
టెస్ట్ నొక్కాను.
ప్రింటర్ దగ్గింది,
ఒక లేబుల్ కక్కింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గొట్టంతో నేల కడుగుతున్నారు.

ఇంకా అట్టముక్కల మీద నూట ఎనభై ఆరు పెట్టెలు.
వాటికి డ్రైవర్ లేడు.
ఆయన చదివాడు, నేను కొట్టాను.
ట్వా అంటే రెండు. ఫవర్ అంటే నాలుగు.
సాక్స్ అంటే మేజోళ్ళు కావు, ఆరు.
నా కోసం ఆయన కాస్త నిదానించాడు.
ఆయన కోసం నేను తెరని అటు తిప్పాను.
తప్పు పడ్డచోట గోటితో తట్టాడు,
ఏడో వరుస మీద చేప పొలుసొకటి అంటుకుపోయింది.
అక్కడే ఉండనిచ్చాను.

నూట పన్నెండో పెట్టె దగ్గర
పెన్సిల్ గీత నీళ్ళలో కలిసిపోయింది.
అట్టని దీపం కిందికి పట్టి ఆయన ఏదో అన్నాడు,
నాకింకా రాని మాట.
సున్నా వెయ్యనా అన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
నిజమే, సున్నా వేస్తే పెట్టెలో చేప లేనట్టు.
ఖాళీ వదిలితే, మనకి తెలియనట్టు.

ఖాళీ వదిలాను.
ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి
ఆ పెట్టెకి కొక్కెం తగిలించి
మళ్ళీ తూకం బల్ల దగ్గరికి
ఈడ్చుకెళ్ళాడు.